టీ గ్లాసులో ఆయుష్షు ఎంత?

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా జాతీయ రహదారి పొడవునా తెల్లవారకముందే రాజుకునేది టీ కొట్టు పొయ్యి. ఆమదాలవలస స్టేషన్‌లో రైలు దిగినవాళ్లు, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో కూలి పనికి ఎదురుచూసేవాళ్లు, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర పొద్దున్నే నడక ముగించుకున్న రిటైర్డ్ మాస్టార్లు... అందరికీ పొద్దు మొదలయ్యేది అక్కడే. ఈమధ్య ఆ బల్లల మీద ఓ కబురు కూడా తిరుగుతోంది. టీలో, కాఫీలో యాంటీఆక్సిడెంట్లు దండిగా ఉంటాయట, అవి ముసలితనాన్ని దగ్గరికి రానివ్వవట. ఈ మాట చెవిన పడ్డాయన వెంటనే ఇంకో గ్లాసు చెబుతాడు.

ఆ కబురులో సగం శాస్త్రం, సగం ప్రకటన. రెండింటినీ విడదీసి చూడటానికి కావలసిన ఆధారాలు కొన్ని ఫిన్లండ్‌లో దొరికాయి, కొన్ని బ్రిటన్‌లో దొరికాయి. మరికొన్ని మన ఉత్తరాంధ్ర పల్లెల్లోనే దొరికాయి.

ఆకు నల్లబడితే ఏమవుతుంది?

వంకాయ కోసి పక్కన పెడితే ముక్క నల్లబడుతుంది. ముక్కలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు గాలి తగలగానే ఓ ఎంజైమ్ సాయంతో ఆక్సిజన్‌తో కలుస్తాయి. పచ్చని తేయాకు నల్లని టీ పొడిగా మారేటప్పుడు జరిగేదీ అదే చర్య. లేత తేయాకు ఎండు బరువులో దాదాపు పావు వంతు పాలీఫినాల్సే. వాటిలో ముఖ్యమైనవి కాటెచిన్లు. ఆకును వేడి చేసి ఎంజైమ్‌ను ముందే చంపేస్తే కాటెచిన్లు అలాగే ఉండిపోతాయి, అది గ్రీన్ టీ. ఆకును నలిపి గాలికి వదిలేస్తే అవి ఒకదానితో ఒకటి కలిసి థియాఫ్లావిన్లు, థియారూబిజిన్లుగా మారతాయి. టీకి ఆ ఎర్రటి రంగు, నాలుక మీద ఆ వగరు వచ్చేది వీటి వల్లే.

మన కొట్లలో వాడేది ఎక్కువగా సీటీసీ రకం. ఆకును పళ్ల రోలర్ల మధ్య నలిపి, చింపి, చిన్న గుళికలుగా చుట్టే ఈ పద్ధతి 1930ల్లో అస్సాంలో పుట్టింది. గుళిక చిన్నదైనకొద్దీ నీటికి తగిలే పైభాగం ఎక్కువ, సారం త్వరగా దిగుతుంది. పాలూ నీళ్లూ కలిపి మూడు పొంగులు వచ్చేదాకా మరిగించే మన టీలో పాలీఫినాల్స్ తక్కువేమీ ఉండవు. గ్రీన్ టీ తాగకపోతే లాభమంతా పోయిందని బెంగపడనక్కర్లేదు. నల్ల టీలో మంచి పోలేదు, రూపం మారింది.

ఫ్రీ రాడికల్స్ కథ

మన కణాలు ఆక్సిజన్‌తో తిండిని మండించి శక్తి తీసుకుంటాయి. ఆ మంటలో నుంచి కొన్ని అణువులు ఎలక్ట్రాన్ జత తప్పి బయటపడతాయి. ఇవే ఫ్రీ రాడికల్స్. పక్కనున్న కొవ్వు నుంచో, ప్రొటీన్ నుంచో, డీఎన్ఏ నుంచో ఎలక్ట్రాన్ లాక్కుని దాన్ని చెడగొడతాయి. వయసు మీదపడటమంటే ఈ నష్టం పోగుపడటమేనని 1956లో అమెరికా శాస్త్రవేత్త డెన్హమ్ హార్మన్ ప్రతిపాదించాడు. ఎలక్ట్రాన్ ఇచ్చి వీటిని శాంతింపజేసేవే యాంటీఆక్సిడెంట్లు. అలాంటప్పుడు అవి ఎంత ఎక్కువ మింగితే అంత మేలు కదా అని జనం లెక్క వేసుకున్నారు. మాత్రల కంపెనీలూ అదే లెక్క వేశాయి.

ఆ లెక్క ఫిన్లండ్‌లో తప్పింది. పొగ తాగే 29,133 మంది మగవాళ్లను తీసుకుని, కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు, కొందరికి విటమిన్-ఇ, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఏళ్ల తరబడి ఇచ్చారు. 1994లో ఫలితం చూస్తే బీటా కెరోటిన్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో ఇలాంటిదే మరో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఏ పదార్థంలో ఎంత యాంటీఆక్సిడెంట్ బలం ఉందో గాజుగొట్టంలో కొలిచి అమెరికా వ్యవసాయ శాఖ ఒక పట్టిక నడిపేది. ఆ అంకెలు ఒంట్లో జరిగేదాన్ని చెప్పవనీ, ప్రకటనలకు దుర్వినియోగం అవుతున్నాయనీ 2012లో ఆ పట్టికనే తీసేసింది.

అడ్డపొగ నేర్పిన పాఠం

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. శ్రీకాకుళం, విశాఖ తీరంలో పెద్ద వయసు ఆడవాళ్లు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, అంటే అడ్డపొగ, ఈ ప్రాంతపు పాత అలవాటు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు జెన్స్ పిండ్‌బోర్గ్, భారతీయ పరిశోధకులతో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన నివేదిక ఈ అలవాటు మీదే. అంగిలి మీద తెల్లటి మచ్చలు, ఎర్రటి పుండ్లు, కొన్నిచోట్ల క్యాన్సర్ ఛాయలు అందులో నమోదయ్యాయి.

తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇలా అడ్డపొగ తాగేవాళ్లకు విటమిన్-ఎ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం కలిపి ఏడాది పాటు ఇచ్చి చూశారు. 1995లో వెలువడిన ఫలితాల ప్రకారం పోషకాలు అందినవాళ్లలో సగం మందికి పైగా మచ్చలు పూర్తిగా పోయాయి. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవాళ్లలో మచ్చలు పోయింది పదోవంతు లోపే. 2002లో శ్రీకాకుళం జిల్లా మీదే వచ్చిన మరో అధ్యయనం జనం రోజూ తినే తిండిని లెక్కగట్టింది. జింకు, కాల్షియం, పీచు ఎక్కువ తినేవాళ్లలో నోటి మచ్చలు తక్కువని తేల్చింది.

ఫిన్లండ్‌లో మాత్ర కీడు చేసింది, ఇక్కడ మేలు చేసింది. రెండుచోట్లా పొగతాగేవాళ్లే. తేడాకు ఒక కారణం ఇది కావచ్చు: ఫిన్లండ్ వాళ్లు కడుపునిండా తింటున్న మనుషులు, పైగా వాళ్లకిచ్చిన మోతాదు తిండిలో దొరికేదానికి ఎన్నో రెట్లు. మన పల్లెల్లోని ఆ పెద్దవాళ్లకు తిండిలోనే పోషకాల కరువు. కరువు తీరిస్తే ఒళ్లు బాగుపడింది. నిండిన చోట ఇంకా పోస్తే చెడింది. టీ, కాఫీ, జావల గురించి మాట్లాడుకునేటప్పుడు గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే. గ్లాసులోని యాంటీఆక్సిడెంట్ ఎంతో కొలవడం కన్నా, తాగే మనిషికి ఏది తక్కువగా ఉందో, ఏది ఎక్కువగా ఉందో చూడటం ముఖ్యం.

మరి టీ ఎలా పనిచేస్తుంది?

టీలోని పాలీఫినాల్స్‌లో రక్తంలోకి నేరుగా చేరేవి బహు స్వల్పం. ఎక్కువ భాగం పెద్దపేగు దాకా వెళ్లిపోతుంది. అక్కడి సూక్ష్మజీవులు వాటిని చిన్న అణువులుగా విరగ్గొడతాయి, అప్పుడు కొన్ని ఒంటికి అందుతాయి. ఇంత కొద్ది సరుకుతో ఫ్రీ రాడికల్స్‌ను ఒక్కొక్కటిగా పట్టుకోవడం అయ్యే పని కాదు. ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తల ఆలోచన వేరే. ఈ పదార్థాలను శరీరం కాస్త కొత్త సరుకుగా, చిన్నపాటి బెదిరింపుగా చూస్తుంది. దాంతో తన సొంత రక్షణ ఎంజైమ్‌లను, గ్లూటాథయోన్ తయారీని కొంచెం పెంచుకుంటుంది. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేసి నాళాలను సడలిస్తుంది. మోతాదు కొద్దిగా ఉండటమే ఇక్కడి కిటుకు.

జనం మీద లెక్కలూ ఆశాజనకంగానే ఉన్నాయి. బ్రిటన్‌లో 40 నుంచి 69 ఏళ్ల వయసున్న దాదాపు 5 లక్షల మందిని సుమారు 11 ఏళ్లు గమనించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ రెండు కప్పులు గానీ అంతకు మించి గానీ టీ తాగేవాళ్లకు ఆ కాలంలో చనిపోయే ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. వాళ్లలో అత్యధికులు తాగేది మనలాగే నల్ల టీ. పాలు కలిపినా లాభం తగ్గినట్టు కనబడలేదు. కాఫీ మీద వచ్చిన 200కు పైగా విశ్లేషణలను గుదిగుచ్చి 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వేసిన సమీక్షలో రోజుకు మూడు నాలుగు కప్పుల దగ్గర మరణాల ముప్పు 17 శాతం దాకా తక్కువగా ఉంది. కెఫీన్ తీసేసిన కాఫీలోనూ మేలు జాడ కనిపించింది. కాబట్టి ఆ ఘనత కెఫీన్ ఒక్కదానిదే కాదు. కాఫీ గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లాలకూ వాటా ఉండాలి.

ఆ గింజ మనకు దూరంగా ఏమీ పండదు. విజయనగరం నుంచి కొండెక్కితే వచ్చే అరకులో గిరిజన రైతులు చెట్ల నీడన పండించే అరాబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గింజను ఎంత నల్లగా వేపితే క్లోరోజెనిక్ ఆమ్లాలు అంత తగ్గుతాయి. పొడి పొట్లం మీద చికోరీ శాతం ఎంతో చూసి కొనండి, అంతమేర అందులో కాఫీ లేదన్నమాట.

ఇవన్నీ గమనించి వేసిన లెక్కలు. టీ తాగించి, తాగించకుండా పోల్చి చూసిన ప్రయోగాలు కావు. టీ తాగేవాళ్ల జీవితంలో ఇంకేదో మంచి ఉండి ఉండొచ్చు. పైగా బ్రిటన్ కప్పు పెద్దది, అందులో టీ ఎక్కువ, పాలు చెంచాడు. మన కొట్టు గ్లాసు అందులో మూడోవంతు కూడా రాదు, దానిలోనూ సగం పాలు. వాళ్ల రెండు కప్పులను మన రెండు గ్లాసులతో సమానం చేయకూడదు.

గ్లాసును చెడగొట్టేవి

పాల మీద ఓ పాత అనుమానం ఉంది. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ టీలోని కాటెచిన్లను పట్టేసుకుంటుంది. 2007లో బెర్లిన్ పరిశోధకులు 16 మంది మహిళల మీద చూస్తే, వట్టి టీ తాగినప్పుడు రక్తనాళాలు బాగా సడలాయి, పాలు కలిపితే ఆ ప్రభావం పోయింది. పాలు కలిపినా రక్తంలో కాటెచిన్లు తగ్గలేదని వేరే అధ్యయనాలు చెప్పాయి. తగువు తేలలేదు కాబట్టి పాల మీద నేరం మోపనక్కర్లేదు.

నేరం మోపాల్సింది చక్కెర మీద. గ్లాసుకు రెండు చెంచాలంటే 10 గ్రాములు. రోజుకు నాలుగు గ్లాసులు తాగితే 40 గ్రాములు. విడిగా కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములకు మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. స్వీట్లు, కూల్‌డ్రింకులు ముట్టకపోయినా టీ ఒక్కటే ఆ గీత దాటించేస్తుంది. రక్తంలో చక్కెర పదేపదే ఎక్కడమే కణాల్లో ఫ్రీ రాడికల్స్ పుట్టించే పెద్ద కారణాల్లో ఒకటి. ఆకు ఇచ్చిన కాస్త రక్షణను చెంచా పట్టుకెళ్లిపోతుంది. బెల్లం వేసినా లెక్క దాదాపు అదే.

రెండోది వేళ. టీలోని ఏ పాలీఫినాల్స్‌ను మెచ్చుకుంటున్నామో అవే అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు. భోజనంతో పాటు టీ తాగితే ఇనుము గ్రహింపు 60 శాతానికి పైగా పడిపోయిన ప్రయోగాలున్నాయి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అలాంటి చోట ఇడ్లీ తిన్న వెంటనే టీ, ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్ర టీతోనే మింగడం రెండూ నష్టమే. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దని కూడా అందులో చెప్పారు. 150 మిల్లీలీటర్ల టీలో అది 30 నుంచి 65, అంతే ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120. ఒకసారి తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి ఐదారు గంటలు పడుతుంది. అరవై దాటిన వాళ్లకు సాయంత్రం ఆరింటి కాఫీ రాత్రి నిద్ర మీద పడేది ఇందుకే. నిద్ర చెడితే ఏ యాంటీఆక్సిడెంటూ దాన్ని పూడ్చలేదు.

మూడోది వేడి. అడ్డపొగ అంగిలికి చేసిన పనే, మరీ కాగే పానీయం అన్నవాహికకు చేస్తుంది. 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడితో తాగే పానీయాలు బహుశా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది. కాఫీ మీద అంతకుముందున్న అనుమానాన్ని మాత్రం అప్పుడే తొలగించింది. తప్పు పానీయానిది కాదు, వేడిది. ఇరాన్‌లోని గోలెస్తాన్ ప్రాంతంలో 50,045 మందిని గమనిస్తే, 60 డిగ్రీలకు మించిన వేడితో రోజుకు 700 మిల్లీలీటర్లకు పైగా టీ తాగేవాళ్లలో అన్నవాహిక క్యాన్సర్ ముప్పు 90 శాతం ఎక్కువని తేలింది. గ్లాసును అంచు పట్టుకుని ఊదుకుంటూ తాగాల్సి వస్తోందంటే ఇంకా వేళ కాలేదన్నమాట. నాలుగైదు నిమిషాలు ఆగితే చాలు. చుట్ట అలవాటున్న పెద్దవాళ్లకు ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

మన పొయ్యి మీది గిన్నెలు

యాంటీఆక్సిడెంట్ అనగానే టీ, కాఫీ అని ఆగిపోతాం గానీ, ఈ జిల్లాల్లో అంతకన్నా పాత వెచ్చని పానీయం చోడి (రాగి) అంబలి. చోళ్ల పిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియనిచ్చి, పొద్దున నూకలతో ఉడికించి, కాస్త మజ్జిగ, ఉప్పు, నంజుకు ఉల్లిపాయ. చోడి గింజ పైపొరలోనే పాలీఫినాల్స్ ఉంటాయి, పైపొర తీయకుండా ఆడించే పిండి కాబట్టి అవి మనకు దక్కుతాయి. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం సుమారు 364 మిల్లీగ్రాములు. గ్లాసు అంబలికి పిండి 30 గ్రాములనుకుంటే ఎముకలకు 100 మిల్లీగ్రాములకు పైగా చేరుతుంది. పీచు, జింకు, ఇనుము అదనం. అడ్డపొగ పరిశోధనల్లో రక్షణగా నిలిచిన జాబితా కూడా ఇంచుమించు ఇదే. పులియబెట్టడం వల్ల ఇనుమును బంధించే ఫైటేట్లు తగ్గుతాయి, కాబట్టి రాత్రి నానబెట్టే ఆ పద్ధతి ఊరికే వచ్చింది కాదు.

విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం చోళ్లకు పేరున్న కేంద్రం. చంపావతి, గోస్తని, వేగవతి అని ఇక్కడి నదుల పేర్లే పెట్టుకున్న రకాలు అక్కడివే. 'హిమ' అనే తెల్ల చోళ్ల రకం కూడా ఆ స్థానమే ఇచ్చింది. తెల్ల చోళ్లతో చేసిన జావ చూడ్డానికి బాగుంటుంది, వగరుండదు, పిల్లలు ఇష్టంగా తాగుతారు. పాలీఫినాల్స్ మాత్రం తెల్లవాటిలో అర శాతం లోపే, ఎర్రని వాటిలో 1 నుంచి 2 శాతం. వగరుతో పాటే ఆ సరుకూ పోతుంది. పెద్దవాళ్లు ఎర్ర చోళ్లకే ఓటు వేయడం మేలు.

ఇంకొకటి గోగు. నారకోసం శ్రీకాకుళం, విజయనగరం పొలాల్లో వేసే పంట, నెల్లిమర్ల జనపనార మిల్లు ఎరిగిన పంట. దీని జాతికే చెందిన ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే పుల్లని ఎర్ర రేకలను ఎండబెట్టి కాస్తే, అదే విదేశాల్లో హైబిస్కస్ టీ. ఆ ఎరుపు ఆంథోసయనిన్లది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం 2010లో 65 మందితో చేసిన ప్రయోగంలో రోజుకు మూడు కప్పులు ఆరు వారాలు తాగినవాళ్లకు పై రక్తపోటు సగటున 7 పాయింట్లు తగ్గింది. ఇందులో కెఫీన్ లేదు, సాయంత్రం టీకి బదులు తాగొచ్చు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి.

పసుపు పాల సంగతి ఒక్క ముక్కలో చెప్పాలి. పసుపులో కర్క్యుమిన్ మూడు శాతం చిల్లర, అది ఒంటికి పట్టడం కష్టం. మిరియాల్లోని పైపరిన్ దాన్ని 20 రెట్లు పెంచిందని బెంగళూరు పరిశోధకులు 1998లో చూపారు. అయితే వాళ్లు ఇచ్చింది 2 గ్రాముల శుద్ధ కర్క్యుమిన్. అర చెంచా పసుపులో దొరికేది 50 మిల్లీగ్రాములు దాటదు. గొంతుకు హాయిగా ఉంటే తాగండి, అద్భుతాలు ఆశించకండి.

ఉద్దానంలో ఇంకో లెక్క

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల నీడన మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తినేస్తోంది. దానికి ఫలానా ఒక్కటే కారణమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఈ రోగులకు గ్లాసు లెక్క వేరు. రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో కూడా డాక్టరు కొలిచి చెబుతారు, ఆ కొలతలోకి టీ, అంబలి, కషాయం అన్నీ వస్తాయి. నల్ల టీలో ఆక్సలేట్లు ఎక్కువ. రోజూ పదహారు గ్లాసుల ఐస్ టీ తాగిన ఒక అమెరికన్‌కు ఆక్సలేట్ పేరుకుని కిడ్నీలు దెబ్బతిన్న వైనం 2015లో వైద్య పత్రికకెక్కింది. ఎవరో చెప్పిన ఆకు కషాయాలు, కిడ్నీకి మంచిదని అమ్మే పొడులు ఈ ప్రాంతంలో అసలు ముట్టకూడదు. గ్రీన్ టీ సారం మాత్రల్లో రోజుకు 800 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఈజీసీజీ అనే కాటెచిన్ చేరితే కాలేయానికి హాని కలగొచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కప్పులో మేలైనది మాత్రలో కీడు కావచ్చని ఫిన్లండ్ ముందే చెప్పింది.

ఇదంతా కలిపి అరవై దాటిన ఒక మనిషి రోజులో పెడితే ఇలా ఉంటుంది. లేవగానే చోడి అంబలో జావో. ఫలహారానికీ టీకీ మధ్య గంట ఎడం. రోజు మొత్తానికి రెండు మూడు గ్లాసుల టీ లేదా కాఫీ, గ్లాసుకు అర చెంచాకు మించని చక్కెర, నాలుక కాలని వేడి, మధ్యాహ్నం మూడు దాటాక వద్దు. సాయంత్రం నోరూరితే గోగు రేకల నీరు. యాంటీఆక్సిడెంట్ మాత్రలూ పొడులూ మానేయాలి, చుట్ట పూర్తిగా మానేయాలి. ఈ జాబితాలో ఆయుష్షును అన్నిటికన్నా ఎక్కువ పెంచేది చివరి మాటే. టీ దానికి బదులు కాదు, టీ కొట్టు దగ్గర చుట్ట పారేసినవాడికి మాత్రం ఆ గ్లాసు కాస్త తోడ్పడుతుంది.